అడిగేవారు లేని ఏడుగురు

శ్యేనదుర్గం ఆ ఉదయం పెళ్ళికి ముస్తాబైనట్టు ఉంది. ఏడు ప్రాకారాల మీద ఏడు రంగుల పతాకాలు గాలికి పటపటలాడుతున్నాయి. సింహద్వారానికి ఇరువైపులా నిలిపిన రాతి గద్దల రెక్కలకు కొత్తగా బంగారు పూత పూశారు. బురుజుల మీద భేరీలు, వాటి పక్కన ఎర్ర తలపాగాల వాద్యకారులు, గడప గడపకూ మామిడి తోరణాలు. ఇన్ని అలంకారాల వెనక నల్లగా, నిటారుగా లేచిన కొండ మాత్రం దేనికీ లొంగకుండా నిలబడి ఉంది. ఆ కొండ నడుమ మూసుకుని ఉన్నది అగాధద్వారం.

పన్నెండేళ్ళకు ఒక్కసారి, సూర్యుడు సరిగ్గా శిఖరం నెత్తి మీదికి వచ్చిన క్షణాన ఆ రాయి తనంతట తానే కదులుతుంది. లోపల ఎక్కడో చంద్రవల్లి అనే తీగ ఉందట. దాని పసరు ఒక్క చుక్క నాలుక మీద పడితే మంచం పట్టిన మణిమంత మహారాజు లేచి కూర్చుంటాడట. తెచ్చినవాడికి అర్ధరాజ్యం. లోపలికి వెళ్ళేవారు ఏడుగురు. అయిదుగురు ఇప్పటికే ఎంపికయ్యారు. మిగిలిన రెండు చోట్ల కోసం కోట బయట మూడు వందల మంది వరుస కట్టి ఉన్నారు.

ఆ వరుసలో, గడ్డానికి రంగు పూసుకుని, ముఖానికి పసరు పట్టించుకుని, కొండ ప్రాంతపు ఉప్పు వర్తకుడి వేషంలో నిలబడి ఉన్నాడు విస్సన. పదిరోజుల కిందటి వరకు అతను ఈ కోటలోనే ఆస్థాన లేఖకుడు. ఇప్పుడు అతని తల తెచ్చినవాడికి బహుమానం ఉంది.

విచిత్రమేమిటంటే ఆ వరుస అతను కట్టించిందే.

పన్నెండేళ్ళ కిందట ఈ ద్వారం తెరుచుకున్నప్పుడు ఏ పద్ధతీ లేదు. అర్ధరాజ్యం అనగానే వేలమంది ఒక్కసారి తోసుకొచ్చారు. గడప దాటక ముందే కాళ్ళ కింద పడి నలిగిపోయినవాళ్ళు అరవైమందికి పైగా. ఈసారి అలా జరగకూడదని మహారాజు విస్సనను పిలిచి, ఎవరు ఎలా విన్నవించుకోవాలో, ఎవరు పరీక్షించాలో, ఎవరు ఆమోదించాలో ఒక క్రమం రాయమన్నాడు. విస్సన నాలుగు నెలలు కూర్చుని రాశాడు. ఒకదాని వెనక ఒకటిగా మూడు మంటపాలు. మొదటిదానిలో విన్నపం: ప్రతి మనిషికీ ఒక తాటాకు, దాని మీద అయిదు ప్రశ్నలు. రెండోదానిలో దేహపరీక్ష. మూడోదానిలో రాజగురువు ఆమోదం. ఒక్కో మంటపం దాటినప్పుడల్లా ఆకుకు ఒక్కో రంగు దారం. ఎండలో నిలబడేవాళ్ళకు పందిరి వెయ్యాలనీ, గంటకోసారి మజ్జిగ పొయ్యాలనీ కూడా అందులో రాశాడు.

అయిదో ప్రశ్న అతను తన మనసులోంచి తీసి రాసింది. వెనకటి తొక్కిసలాట తర్వాత ఒక ముసలావిడ ఏడాదిపాటు రోజూ కోట గుమ్మానికి వచ్చి, "మా పెద్దోడు కనిపించాడా బాబూ" అని అడిగి వెళ్ళేది. ఆ పెద్దోడెవరో, చనిపోయినవాళ్ళలో ఉన్నాడో లేదో చెప్పగలిగినవాడు కోటలో లేడు. అందుకని విస్సన ఈసారి రాశాడు: "నీవు తిరిగి రాకపోతే నిన్ను గురించి ఎవరు అడుగుతారు?"

దయతో రాసిన ఆ ఒక్క వాక్యం కత్తిగా మారుతుందని అతనికేం తెలుసు?

పదిరోజుల కిందట లేఖనశాలలో ఆకులు సర్దుతుండగా బయటపడింది. నాలుగు వందల మందిని తిప్పి పంపేశారు. వాళ్ళ ఆకులన్నిటి మీదా అయిదో ప్రశ్నకు ఏదో ఒక పేరు ఉంది. తల్లి, భార్య, మేనమామ, పొరుగింటివాడు. ఆమోదం పొందిన అయిదు ఆకుల మీద మాత్రం ఒకటే జవాబు: ఎవరూ లేరు. అయిదో ఆకును అతను మళ్ళీ చదివాడు. గుండన, వయసు ఇరవై ఆరు, కమ్మరి. అడిగేవారు: ఎవరూ లేరు.

గుండన విస్సన సొంత తమ్ముడు.

సంగతేమిటని నిలదీయడానికి రాజగురువు ధూమ్రకేశుడి దగ్గరకు వెళ్ళినవాడు కత్తుల మధ్యలోంచి బురుజెక్కి, నదిలోకి దూకి బయటపడ్డాడు. అవతలి ఒడ్డున కుష్ఠురోగంతో తీసుకుంటున్న ఒక బైరాగి, ఒకప్పుడు ధూమ్రకేశుడి శిష్యుడు, అసలు గుట్టు చెప్పాడు. చంద్రవల్లీ లేదు, పాడూ లేదు. అగాధద్వారం మింగిన ప్రతి ప్రాణానికీ ఆ మాంత్రికుడికి పన్నెండేళ్ళ ఆయుష్షు. అయితే ఒక్క నియమం. ఆ ప్రాణాన్ని ఈ భూమ్మీద ఎవరూ అడగకూడదు.

"ఏం ఉప్పు సెట్టీ, అంత దిగులేంటి? బస్తా తడిసిందా?"

ముందున్న మనిషి వెనక్కి తిరిగి నవ్వుతున్నాడు. ఎండకు నల్లబడ్డ భుజాలు, తెడ్డు పట్టి కాయలు కాచిన చేతులు. పేరు ఓబులు. కృష్ణవేణి రేవులో పడవ నడుపుతాడట. పందిరి కింద మజ్జిగ కుండ రాగానే ముంత నింపించుకుని, తాను తాగకుండా ముందు విస్సన చేతిలో పెట్టాడు.

"తాగు. ఈ ఏర్పాటు చేసినోడెవడో గాని పుణ్యాత్ముడు. నిలబెట్టి చంపేవాళ్ళే గాని, నిలబెట్టి మజ్జిగ పోసేవాళ్ళని నేను చూళ్ళేదు."

విస్సన తాగకుండానే ముంత తిరిగి అతనికిచ్చాడు.

వరుస కదిలింది. మొదటి మంటపంలో లేఖకుడు దామయ్య కూర్చున్నాడు. ఆరేళ్ళు విస్సన పక్కనే కూర్చుని రాసినవాడు. చూపు మందగించి ఆకును ముక్కుకు ఆనించుకుంటాడే తప్ప మనుషుల ముఖాలు చూడడు. గంటం పట్టుకుని ఓబులును ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. నాలుగూ అయ్యాయి.

"నువ్వు తిరిగి రాకపోతే ఎవరడుగుతారు?"

"అడగడమంటే... రేవుకొచ్చినోళ్ళు అడుగుతారండి. 'ఒరే ఓబులుగా, పడవేదిరా, ఎక్కడ చచ్చావురా' అని. అది రాయండి."

"తిట్టేవాళ్ళు పనికిరారయ్యా. నీవాళ్ళు."

ఓబులు ముఖంలో నవ్వు అలాగే ఉంది గాని, కళ్ళు మాత్రం ఎటో వెళ్ళిపోయాయి. "నావాళ్ళని రెండేళ్ళ కింద వరదలో నా పడవలోంచే నేనే పారేసుకున్నానండి. ఆడమనిషీ, పిల్లా. ఎవరూ లేరని రాసుకోండి."

దామయ్య గంటం ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరో ఒక పేరు చెప్పవయ్యా. పిన్ని కొడుకో, మేనత్తో. పేరు చెప్పినవాళ్ళంతా ఇంటికెళ్ళి చల్లగా ఉన్నారు."

"ఇల్లంటూ ఉంటే గదండీ చల్లగా ఉండడానికి," అన్నాడు ఓబులు.

దామయ్య నిట్టూర్చి రాశాడు. తెల్లదారం కట్టాడు. తర్వాత విస్సన వంతు. మైలారి, ఉప్పు వర్తకుడు, ఊరు కొండమీద, వయసు ముప్ఫై నాలుగు. అయిదో ప్రశ్నకు దామయ్య మళ్ళీ అదే మాట గుసగుసగా చెప్పబోయాడు. విస్సన గొంతు మార్చి, "ఎవరూ లేరు దొరా," అన్నాడు. అర్థం తెలియకపోయినా ఏదో కీడు ఉందని ఈ ముసలి మనిషి పసిగట్టాడు. తనకు చేతనైనంతలో రోజుకు వందమందికి చెవిలో చెబుతున్నాడు. ఆ మంచితనానికి కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది విస్సనకు.

రెండో మంటపంలో వైద్యురాలు అక్కమాంబ నాడి చూస్తోంది. పళ్ళు, కళ్ళు, మోకాళ్ళు పరీక్షించి ముగ్గురిలో ఇద్దరిని పక్కకు తోసేస్తోంది. ఓబులుకు పచ్చదారం కట్టింది. విస్సన మెడ మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది. ఆమె వేలికి గోధుమరంగు అంటుకుంది. ఎండకు చెమట పట్టి, చెవి కింద పసరు చారగా కారుతోంది.

మంటపం వాకిట ఇద్దరు భటులున్నారు. ఒక్క కేక చాలు.

ఆమె విస్సన కళ్ళలోకి చూసింది. ఏడేళ్ళ కిందట అతనికి సన్నిపాత జ్వరం వచ్చినప్పుడు నలభై రోజులు కషాయం పోసిన మనిషి. పక్కనున్న గిన్నెలోంచి ఏదో లేపనం తీసి, పుండుకు మందు రాస్తున్నట్టు చెవి కిందా మెడ చుట్టూ దట్టంగా పూసింది.

"వేడి చేసింది నాయనా. నీడలో నిలబడు. ముఖం తుడుచుకోకు," అంది.

పచ్చదారం కట్టి, తర్వాతి మనిషిని పిలిచింది.

మూడో మంటపానికి కిటికీలు లేవు. సాంబ్రాణి పొగ మధ్య పులిచర్మం మీద రాజగురువు ధూమ్రకేశుడు కూర్చుని ఉన్నాడు. వయసెంతో చెప్పలేని ముఖం. పొగలాంటి జుట్టు నేల మీద పాకుతోంది. అతని ముందు పీట మీద పడగ విప్పిన కంచునాగు, నోరు తెరుచుకుని.

"చెయ్యి దాని నోట్లో పెట్టు. నీ అయిదో జవాబు మళ్ళీ చెప్పు. అబద్ధమైతే అది మూసుకుంటుంది. నిన్న ఒకడి మణికట్టు తెగింది."

ఓబులు చెయ్యి పెట్టి చెప్పాడు. నాగు కదల్లేదు. ఎర్రదారం.

విస్సన వంతు వచ్చింది. పేరు అబద్ధం, ఊరు అబద్ధం, ముఖం అబద్ధం. అయినా నాగు అడిగేది ఒక్కటే. కంచు కోరల మధ్య చెయ్యి పెట్టాడు. లోపల చల్లగా, తడిగా ఉంది.

"నేను తిరిగి రాకపోతే నన్ను అడిగేవారు ఎవరూ లేరు."

నాగు కదల్లేదు.

బతికిపోయానన్న సంతోషం అతనికి రాలేదు. అంటే అది నిజమే. ఆ మాటకొస్తే నెలనాడు గుండన ఇక్కడే చెయ్యి పెట్టి ఇదే మాట అని ఉంటాడు. అప్పుడూ నాగు కదల్లేదు. తల్లి ప్రాణం పోతోందని కబురు వచ్చిన రోజున విస్సన ఈ క్రమం రాయడంలో మునిగి, రేపు వస్తానని కబురంపాడు. రేపు వెళ్ళలేదు. ఎల్లుండీ వెళ్ళలేదు. చితికి నిప్పు గుండన ఒక్కడే పెట్టాడు. తనకు అన్న లేడని తమ్ముడు రాయించడం కోపంతో చేసిన పని అనుకున్నాడు ఈ పదిరోజులూ. కంచుకు కోపాలు తెలియవు. ఆ రోజున అది నిజమై ఉంటేనే అది ఊరుకుంటుంది.

ఎర్రదారం కట్టిన ఆకును ధూమ్రకేశుడు నిలువునా చీల్చి, సగం తన దగ్గర పెట్టుకుని, సగం విస్సన మెడలో వేశాడు. బయట భేరీలు మోగాయి. ఏడుగురూ పూర్తయ్యారు.

కొండ పాదాన ఉన్న రాతి ముంగిట్లోకి వాళ్ళను నడిపించారు. చుట్టూ మూడు నిలువుల గోడ. విస్సన రాసిన క్రమంలో ఆఖరి నియమం ఒకటుంది. లోపలికి పంపే ముందు ప్రతి ఆకునూ ప్రజల ఎదుట ముమ్మారు చదవాలి. ఎవరైనా ఆ మనిషిని పేరుపెట్టి పిలిచి "ఇతనికి నేనున్నాను" అంటే ఆ ఆకు మొదటి మంటపానికి తిరిగి వెళ్ళాలి. దాని మీద మహారాజు ముద్ర ఉంది. ముద్రను మీరడానికి మాంత్రికుడికి కూడా ధైర్యం లేదు. అందుకని గోడ కట్టించాడు. ప్రజలు గోడ అవతల, చదవడం గోడ ఇవతల. వినేవాళ్ళు ఏడుగురూ, నలుగురు భటులూ.

అయితే ఆ నియమం రాసిన చెయ్యికి మాత్రమే తెలిసిన లోటు ఒకటుంది. లోపలికి వెళ్ళేవాడు పక్కవాడి కోసం అడగకూడదని అందులో ఎక్కడా లేదు. రాయాలని విస్సనకు తోచలేదు. ఆ ఒక్క సందు కోసమే అతను ఇంత దూరం వచ్చాడు.

నలుగురు అపరిచితుల పక్కన, చేతులు కట్టుకుని, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు గుండన. చిక్కిపోయాడు. తల్లికి తీయించిన జుట్టు ఇంకా పూర్తిగా పెరగలేదు.

సూర్యుడు శిఖరం మీదికి వచ్చాడు. కొండ లోపల ఎక్కడో వెయ్యి బండ్లు కదిలినట్టు చప్పుడైంది. నల్లరాయి పక్కకు జరిగింది. లోపలినుంచి వచ్చిన గాలికి పుట్టమట్టి వాసన.

ధూమ్రకేశుడు మంటపంలోంచి మోయించి తెచ్చిన కంచునాగు నోట్లో ఎడమ చెయ్యి పెట్టాడు. అతనికీ అదే కట్టుబాటు. కుడిచేత్తో తన దగ్గరున్న సగం ఆకుల్లోంచి ఒకటి తీశాడు.

"ఓబులు, పడవవాడు. ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు."

 తమ్ముడి ఆకు ముందు వస్తుందనుకున్నాడు విస్సన. ఇప్పుడు నోరు విప్పితే భటులు గొంతు నొక్కేస్తారు. గుండన ఆకు వచ్చేసరికి తన నోట మాట ఉండదు.

"ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు."

ఓబులు విస్సనవైపు తిరిగి కన్నుగీటాడు. "ఏం సెట్టీ, అవతల రేవులో పడవ కడతా, వెనక రా."

మజ్జిగ ముంత గుర్తొచ్చింది. నాలుక చివరి దాకా వచ్చిన మాటను విస్సన పళ్ళతో కరిచి పట్టాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

"ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు."

భటులు తోయవలసిన పని పడలేదు. రేవులోంచి పడవెక్కినట్టు ఓబులు గడప దాటి చీకట్లోకి నడిచాడు. క్షణం తర్వాత లోపలినుంచి పెద్ద కేక. అంతలోనే ఏమీ లేదు. ధూమ్రకేశుడి ముఖం మీద ఒక ముడత మాయమైంది.

"గుండన, కమ్మరి. ఇతన్ని అడిగేవారు..."

"నేనున్నాను!" విస్సన గొంతు ముంగిలంతా మారుమోగింది. "గుండనా! ఈ గుండనకు నేనున్నాను!"

మాంత్రికుడి మాట సగంలో తెగిపోయింది. కంచు కోరలు కిరకిరమంటూ జానెడు దిగి ఆగాయి. చెయ్యి నోట్లోనే ఉంది. ఇక ఆ మాట పూర్తిచేస్తే మణికట్టు దక్కదు.

గుండన గిరుక్కున తిరిగాడు. వేషం చూసి కాదు, గొంతు విని. "నువ్వా? నువ్వెందుకొచ్చావ్? నాకెవరూ అక్కర్లేదు, ఫో!"

"తిట్టు. ఎంతైనా తిట్టు."

"అమ్మ నీ పేరే కలవరిస్తూ పోయింది! అప్పుడేమయ్యావ్?"

"తప్పే, తమ్ముడూ. తప్పే."

"పట్టుకోండి వాణ్ణి! నోరు నొక్కండి!" ధూమ్రకేశుడు అరిచాడు.

నలుగురు భటులు ఒక్కసారి దూకారు. విస్సన స్తంభం చాటుకు దొర్లి, మిగిలిన నలుగురి వైపు కేకవేశాడు. "మీ పేర్లు చెప్పండి! తొందరగా! బతకాలనుంటే పేరు చెప్పండి!"

వాళ్ళు బిత్తరపోయి చూశారు. అందరిలోకీ ముసలివాడైన ఒక సిపాయికి ముందు అర్థమైంది. "సింగన్న!" అని అరిచాడు.

"సింగన్నకు నేనున్నాను!"

ఈటె ఒకటి విస్సన చెవి పక్కగా దూసుకుపోయి స్తంభానికి తగిలి పెళ్ళుమంది. అతను వంగి పరుగెత్తాడు.

"కొమ్మయ!" "కొమ్మయకు నేనున్నాను!" "బసవడు! నేను బసవణ్ణి!" "బసవడికి నేనున్నాను!"

ఒక భటుడు అతని జుట్టు దొరకబుచ్చుకుని నేల మీదికి లాగాడు. రెండోవాడు నోటి మీద అరచెయ్యి వేశాడు. లోపలికి వెళ్ళాల్సినవాళ్ళలో ఆఖరివాడు ఇంకా పేరు చెప్పలేదు. విస్సన ఆ అరచేతిని కొరికాడు.

"పేరు!"

"ఎ... ఎరుకల నాయుడు."

"ఎరుకల నాయుడికి నేనున్నాను!"

మాంత్రికుడి చేతిలో ఉన్న అయిదు సగం ఆకుల ఎర్రదారాలు వాటంతట అవే తెగి నేలరాలాయి. ఇక ఆ అయిదు ప్రాణాల మీద అతనికి హక్కు లేదు. మాయమైన ముడత తిరిగి వచ్చింది. దాని పక్కనే ఇంకో రెండు.

 ధూమ్రకేశుడు మెల్లగా నవ్వాడు.

"గొంతును బట్టి పోల్చాను. మన లేఖకుడే. ఎంత శ్రద్ధగా రాశావయ్యా క్రమం. అందరికీ నువ్వున్నావు, బాగానే ఉంది." చివరి ఆకు పైకెత్తాడు. "మరి ఇతనికి?"

భటులు విస్సనను రెక్కలు విరిచి పట్టుకుని గడప దగ్గరకు ఈడ్చారు. తన కోసం తాను అడగడానికి వీల్లేదు. అది అతనికి ముందే తెలుసు.

"మైలారి, ఉప్పు వర్తకుడు. ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు."

సింగన్న నోరు తెరవబోయాడు. భటుడు ఈటె మొనను అతని గొంతుకు ఆనించాడు. మిగిలినవాళ్ళు తలలు దించుకున్నారు. విస్సన వాళ్ళను తప్పుపట్టలేదు. కాసేపటి కిందట తానూ అలాగే నిలబడ్డాడు.

"ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు."

గుండన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు మాత్రం కనిపిస్తోంది. చిన్నప్పుడు ఆ వీపు మీద తట్టి నిద్రపుచ్చడం విస్సన పని. అది ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. చాలనుకున్నాడు. తమ్ముడు ఎండలో నిలబడి ఊపిరి పీలుస్తున్నాడు. ఈ రోజుకు అది చాలు.

మూడోసారి చదివేదాకా ఆగకుండానే భటులు తోశారు. కాళ్ళ కింద నేల లేదు. చీకట్లో నాలుగు మెట్లు దొర్లి ఒక రాతి పలక మీద పడ్డాడు. వెనక ద్వారం మూసుకోవడం మొదలైంది. వెలుతురు తలుపంతై, తర్వాత చేటంతై, జానెడైంది.

అప్పుడు వినిపించింది.

"అన్నయ్యా! విస్సనా! ఒరే, వాడు మా అన్న! మా అన్నకు నేనున్నాను!"

"పిలుచుకో నాయనా," అంటోంది మాంత్రికుడి గొంతు, నింపాదిగా. "ఆకు మీద విస్సన అన్న పేరే లేదు. మైలారి అని ఉంది. మైలారిని అడిగినవాడు లేడు. మీ అన్న రాసిన క్రమమే, పేరుపెట్టి అడగాలి." ఆ పైన మూడోసారి, కంఠం ఎత్తి, "ఇతన్ని అడిగేవారు ఎవరూ లేరు!"

కంచు మూసుకున్న చప్పుడు కొండలోపలి దాకా వచ్చింది. దాని వెంటే ఒక అరుపు, మనిషిదో మృగానిదో తెలియనిది.

లేఖకులు ఆకును చూస్తారు. నాగు మనిషిని చూస్తుంది. అన్నాళ్ళు దాన్ని పక్కన పెట్టుకుని కూడా ధూమ్రకేశుడు ఆ తేడా తెలుసుకోలేదు.

ద్వారం ఆగిపోయింది. సరిగ్గా బెత్తెడు సందు. అందులోంచి ఎండ గీత ఒకటి మెట్ల మీదుగా వచ్చి విస్సన మోకాలి మీద పడింది. సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి చొచ్చుకు వచ్చాయి. కొలిమి దగ్గర కాలిన మచ్చల వేళ్ళు.

"అన్నయ్యా, చెయ్యివ్వు! రాయి వణుకుతోంది, మళ్ళీ కదులుతుందేమో! భటులు పారిపోయారు, మేం అయిదుగురం రాయి పట్టుకున్నాం, సందు పెద్దది చేసి లాగుతాం, తొందరగా!"

విస్సన మెట్లు పాకి ఆ వేళ్ళను పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. నాలుగు నెలల తర్వాత తమ్ముడి చెయ్యి.  నుదురు ఆ వేళ్ళకు ఆనించి ఒక్క క్షణం ఉండిపోయాడు.

వెనక, లోతుగా, నీళ్ళు కదిలిన చప్పుడు. ఆ నీళ్ళ మీదుగా, అలిసిపోయిన గొంతు ఒకటి.

"ఎవరది... సెట్టీ, నువ్వేనా? రేవు కనపళ్ళేదయ్యా. కాలు పట్టుకున్నది వదలడం లేదు..."

విస్సన వెనక్కి చూశాడు. ఏమీ కనిపించలేదు. ముందుకు చూశాడు. వెలుతురు, తమ్ముడి వేళ్ళు.

"అన్నయ్యా! ఏం చేస్తున్నావ్?"

"ఆ సందులో ఏదైనా అడ్డం పెట్టి పట్టుకోండి తమ్ముడూ. ఎంతసేపు పట్టుకోగలరో అంతసేపు." ఒక్కొక్క వేలినీ నెమ్మదిగా విడిచాడు. "ఒకణ్ణి అడగకుండా వచ్చేశాను. అడిగి వస్తాను."

ఆపైన మెట్ల కిందికి, చీకట్లోకి, కొండ అదిరేలా కేకవేశాడు.

"ఓబులూ! నీకు నేనున్నాను!"

లోతున నీళ్ళు ఒక్కసారి నిశ్శబ్దమయ్యాయి. ఓబులు కాలు పట్టుకున్నది ఆ కేక విని తల ఎత్తింది.

విస్సన మెట్లు దిగసాగాడు.